కంచెగూడెం జెర్సీలు

ఈసారి షీల్డు కంచెగూడేనిదేనని మొగులయ్య అన్నప్పుడు సత్తయ్య హోటల్లో ఎవరూ తలెత్తి చూడలేదు. పోయినేడు కూడా ఆయన ఆ మాటే అన్నాడు. అంతకు ముందటేడు మొదటి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడి పిల్లలు మొహాలు వేలాడేసుకుని లారీ దిగుతుంటే, వాళ్ళ కాళ్ళు నేలకు ఆనకముందే వచ్చేయేటి షీల్డు మనదేనని అనేశాడు. పాశమైలారం రోడ్డు మీద చాయ్ తాగేవాళ్ళకు ఆ మాట రేడియోలో వాతావరణ విశేషాల్లాంటిది. వింటారు గాని ఎవరూ గొడుగు తీసుకుపోరు.

"మొగులన్నా, పోయినేడు గూడ గిదే జెప్పినవ్ గద" అన్నాడు సత్తయ్య చాయ్ వడకడుతూ.

"పోయినేడు మన గోల్‌కీపర్ సాదుల్లాకు చెయ్యి ఇరిగుండె."

"అంతకు ముందటేడు?"

"వాన గొట్టె."

"వాన అవుతలోళ్ళ మీద గొట్టలేదానె?"

హోటలంతా నవ్వింది. మొగులయ్య కూడా నవ్వాడు. ఎవరేమన్నా నొచ్చుకునే మనిషి కాదు. నొచ్చుకునే మనిషైతే ఇన్నేళ్ళు ఈ క్లబ్బును పట్టుకుని వేలాడేవాడు కాదు. చాయ్ ఊదుకుంటూ, "ఈసారి సాదుల్లా మంచిగున్నడు, గ్రౌండు మంచిగున్నది. ఓడితె చెప్పుకునేతందుకు ఏం లేదు. గందుకే మనదే అంటున్న" అన్నాడు.

నిజానికి ఈసారి ఆ మాటలో కొంత పస ఉంది. కంచెగూడెం క్లబ్బు ఫైనలుకు రావడం ఇదే మొదలు. ఇస్నాపూర్ నుంచి కాజీపల్లి దాకా ఉన్న ఫ్యాక్టరీల టీములు, వాటి మధ్య ఇరుక్కున్న ఊళ్ళ టీములు ఆడే షీల్డు అది. యేటా ఏదో ఒక ఫ్యాక్టరీకే పోతుంది. ఒక ఊరి టీము దాన్ని ఎత్తుకుని ఇంటికి పోవడం ఇంతవరకు జరగలేదు. ఆదివారం నాడు ఫైనలు. అవతలిది పసుపు కంపెనీ.

ఆ కంపెనీ బోర్డు మీద పేరు చాలా పొడుగు. లోపల రంగులకు కావలసిన సరుకేదో తయారవుతుంది. షిఫ్టు దిగి వచ్చే కూలీల అరచేతులు, చెవుల వెనక సందులు, చెప్పుల వార్లు పసుప్పచ్చగా ఉంటాయి. అందుకని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అది పసుపు కంపెనీ. ఎవరి ఆలోచనో గాని వాళ్ళ టీము జెర్సీలు కూడా పసుపే.

మొగులయ్య క్లబ్బుకు అధ్యక్షుడు కాదు, కోచ్ కాదు. ఆయన ఎన్నడూ బంతి తన్నలేదు. ఒకసారి గీత దాటి వచ్చిన బంతిని తన్నబోతే చెప్పు పోయి గ్రౌండు నడిమిట్లో పడింది. ఆఫ్‌సైడు అంటే ఏమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు. పంచాయతీ టీవీలో ప్రపంచ కప్పు చూసి, ఊరి పిల్లలు బంతి కొనుక్కున్న నాటి నుంచి ఆయనకు ఒకటే పని. మ్యాచుకు ముందు జెర్సీలు ఉతకడం. వేరేవాళ్ళ చేతికి ఇవ్వడు. పెళ్ళాం నర్సింహమ్మను కూడా తాకనివ్వడు. జెర్సీలు తెల్లవి, ఊరంతా చందా వేసుకుని కొన్నవి.

కంచెగూడెంలో తెల్లబట్ట తెల్లగా ఉంచడమంటే మాటలు కాదు. కంపెనీ వచ్చాక అక్కడి బావుల నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి. గ్లాసులో పోసి పట్టుకుంటే అవతలి మనిషి మొహం కనపడుతుంది. సబ్బు తగిలిందో, పసుపు తిరుగుతాయి. తెల్ల ధోవతి ఒక్క ఉతుకుతో పెళ్ళికొడుకు బట్టయి కూర్చుంటుంది. చాకలివాళ్ళు పటాన్‌చెరు వెళ్ళిపోయారు. ముసలివాళ్ళు ముదురు రంగు లుంగీలకు మారారు. బడి చొక్కాలు చుట్టాలింటికి పోయినప్పుడు ఉతుక్కొస్తారు. మొగులయ్య జెర్సీలు ఉతికేది తాగడానికి వచ్చే ట్యాంకర్ నీళ్ళతో. తన వంతు బిందెలు తాను తాగకుండా దాచి ఉతుకుతాడు.

బావి నీళ్ళు సీసాలో పట్టుకుని ఆయన రెండుసార్లు సంగారెడ్డి కలెక్టరాఫీసుకు పోయి వచ్చాడు. అక్కడి సారు సీసాను కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి, "తేటగానే ఉన్నాయి కదయ్యా" అన్నాడు. సబ్బు తగిలితే పసుపవుతాయి సారూ అంటే, పరీక్షకు పంపుతామన్నాడు. పచ్చబడ్డ ధోవతి చూపిస్తే, "పాతబడితే బట్ట రంగు మారదా?" అన్నాడు. పరీక్ష ఏమైందో తెలియదు. బావి నీళ్ళలో ఏ లోపమూ లేదని రిపోర్టు ఉన్నట్టు కంపెనీవాళ్ళు చెప్పగా విన్నారు.

శుక్రవారం ట్యాంకర్ రాలేదు. వాగు పొంగి దారి కోసుకుపోయిందన్నారు. శనివారం కూడా రాదన్నారు. మొగులయ్య జెర్సీల మూట చంకన పెట్టుకుని బావి గట్టు మీద కూర్చున్నాడు. వారం రోజుల వానకు బావి నిండి, వంగితే చేతికి అందేలా ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆయన చూస్తుండగానే గట్టు రాళ్ళ సందులోంచి ఒక కప్ప దూకి నీళ్ళలో మునిగింది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఆ బావిలో కప్పను చూసి ఎన్నేళ్ళయిందో. చేపలు పోయాయి, కప్పలు పోయాయి, పిచ్చుకలు కూడా గట్టు మీద వాలడం మానేశాయి. కప్ప మళ్ళీ పైకి తేలి, నాలుగు కాళ్ళు చాపుకుని, ఎవరి బాకీ లేనట్టు తేలుతూ ఉంది.

"నర్సింహమ్మా! ఓ నర్సింహమ్మా! జల్దీ రా, బాయిల కప్పున్నది!"

నర్సింహమ్మ చేతుల పిండితోనే వచ్చింది. వంగి చూసి, "అయితేంది?" అంది.

"అయితేందంటవేందె? కప్ప బతికిందంటె నీళ్ళు బాగైనట్టె గద. ఇంత వాన గొట్టింది. ఆ దరిద్రమంత కొట్టుకపోయింది."

"తొవ్వ దప్పి వచ్చిందేమో. దానికేమెర్క మన బాయి సంగతి?"

"నీకన్నీ గట్లనే కొడుతయి. ఫైనలుకు వచ్చినం, బాయి తేటబడ్డది. మంచి రోజులొస్తె వద్దంటవా?"

ఆమె కప్పనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసి, "ఒకటి ముంచి సూడు ముందుగాల" అని లోపలికి పోయింది. మంచి సలహా. ఆయన విన్నాడు కూడా. కానీ నమ్మకం ఒకసారి తలకెక్కితే మనిషి సలహా ఎక్కడ వింటాడు? ఒక్కటే ఉతికితే మిగతావాటితో రంగు కలవదని తనకు తానే చెప్పుకుని, గంగాళం నిండా నీళ్ళు తోడి, జెర్సీలన్నీ ఒక్కసారే నానేశాడు. మోకాళ్ళ దగ్గర మట్టి ఉన్న నిక్కర్లు వేరే పెట్టాడు. జెర్సీల అంచులు, మెడపట్టీలు చేత్తో రుద్దాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. చూశావా అన్నట్టు ఇంటివైపు ఒకసారి చూశాడు. తర్వాత బట్టల సోడా పిడికిలి నిండా తీసుకుని గంగాళంలో చల్లాడు.

సోడా పడ్డచోట ఒక మరక లేచింది. అది విచ్చుకుంటూ పోయి గంగాళం అంచులు తాకింది. మొదట అది మట్టి అనుకున్నాడు. మట్టి వదులుతోందని ఇంకో పిడికెడు వేశాడు. నీళ్ళు పేరంటానికి కలిపిన పసుపు నీళ్ళలాగా అయిపోయాయి. ఆయన జెర్సీలు బయటికి లాగి, బండ మీద బాది, బావి నీళ్ళతోనే జాడించాడు. జాడించిన కొద్దీ ముదిరింది. సబ్బు పెట్టి రుద్దితే ఇంకా ముదిరింది. అయినా రుద్దుతూనే ఉన్నాడు.

నర్సింహమ్మ వచ్చి చూసింది. ఆమె దెప్పి ఉంటే ఆయనకు కొంత హాయిగా ఉండేది. ఆమె ఒక్కో జెర్సీ తీసి, పిండి, దండెం మీద ఆరేసింది. నంబర్లు మాత్రం నల్లగా, ఎప్పటిలా ఉన్నాయి. దండెం పొడవునా పసుపు కంపెనీ టీము నిలబడ్డట్టే ఉంది.

"పోరగాళ్ళకు ఏమని జెప్తవయ్యా?" అంది చివరకు.

మొగులయ్య బావిలోకి చూశాడు. కప్ప కనిపించలేదు.

*

శనివారం పొద్దున మూట పట్టుకుని పటాన్‌చెరు పోయాడు. సాదుల్లాకు అక్కడ బస్టాండు వెనక స్కూటర్ మెకానిక్ షాపు ఉంది. గోల్‌కీపరూ అతనే, కెప్టెనూ అతనే. పొడుగు చేతులు, తక్కువ మాటలు. పొద్దుటి షిఫ్టు లేకపోవడంతో ఓదెలు కూడా అక్కడే ఉన్నాడు. క్లబ్బు గోల్స్‌లో సగం ఓదెలువే. అతను పసుపు కంపెనీలోనే కాంట్రాక్టు కూలీ. పర్మనెంటువాళ్ళనే కంపెనీ టీములోకి తీసుకుంటారు. అందుకని వారమంతా వాళ్ళ డ్రమ్ములు మోసి, ఆదివారం వాళ్ళ మీద ఆడతాడు.

మొగులయ్య మూట విప్పి బల్ల మీద పరిచాడు.

"ట్యాంకర్ రాలే. బాయి తేటబడ్డదనుకున్న. నేనే చెడగొట్టిన బిడ్డా. నన్ను తిట్టుండ్రి."

సాదుల్లా స్పానర్ కింద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, తన ఒకటో నంబరు జెర్సీ తీసి చూశాడు. నవ్వబోయాడు. మధ్యలోనే నవ్వు ఆగిపోయింది.

"కాకా, వాళ్ళది గూడ పసుపే. రెండు టీములు ఒక్క తీరుగుంటె రిఫరీ ఆడనియ్యడు."

"ఒకదాని అంచుకు బ్లీచింగు పౌడర్ పెట్టిన. బట్ట పీలికలైతున్నది గాని రంగు పోతలేదు."

"పోదు" అన్నాడు ఓదెలు. అతను తన అరచేతిని జెర్సీ పక్కన పెట్టాడు. చెయ్యెక్కడ అయిపోయిందో, బట్టెక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. "నేను రెండేండ్ల సంది కడుగుతున్న మామా. ఇంటికాడ బిడ్డకు బువ్వ కలిపి పెడితె, దీన్ని జూసి నోరు దెరుస్తలేదు."

తెల్ల బనియన్లు కొందామా అన్నాడు సాదుల్లా. బనియన్ల మీద నంబర్లు ఉండవు, నంబర్లు లేకుండా ఫైనలు ఆడనివ్వరు. పేంటు పెట్టి రాద్దామంటే రేపటికి ఆరదు. ఎవరినైనా అడిగి తెద్దామంటే, ఓడిపోయిన టీముల్లో ఎవరికీ పిలిచి జెర్సీలు ఇచ్చేంత పెద్ద మనసు లేదు.

"ఇవ్వే ఏసుకొని పోదం" అన్నాడు మొగులయ్య ఉన్నట్టుండి.

"ఆడనియ్యకుంటె?"

"ఆడనియ్యకుంటె గప్పుడు సూద్దం. ఫైనలుకు వచ్చింది మనం. జెర్సీ గాదు."

సాదుల్లా ఆయన మొహంలోకి చూశాడు. ముసలాయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా పడుకున్నట్టు లేదు. కానీ దవడ మాత్రం బిగిసి ఉంది. "సరే కాకా. నువ్వే తీస్కరా గ్రౌండుకు" అని జెర్సీలు మళ్ళీ మూటకట్టి ఇచ్చాడు.

*

ఫైనలు పసుపు కంపెనీ గ్రౌండులోనే. స్టాఫ్ క్వార్టర్ల వెనక చదును చేసిన పెద్ద మైదానం, ఒక వైపు షామియానా, అందులో ఎర్రగుడ్డ పరిచిన బల్ల, బల్ల మీద షీల్డు. మొగులయ్య తాడు వెనక నిలబడి ముందు షీల్డునే చూశాడు. కట్టె మీద ఇత్తడి బంతి, చుట్టూ చిన్న చిన్న రేకులు, ఒక్కో రేకు మీద ఒక్కో ఫ్యాక్టరీ పేరు. ఖాళీ రేకు ఒకటి ఎండకు మెరుస్తోంది.

కంచెగూడెం పిల్లలు లోపలికి రాగానే గోల తగ్గింది. తర్వాత ఒక నవ్వు లేచి తాడు పొడవునా పాకింది. అవతల పసుపు జెర్సీల కంపెనీ టీము అప్పటికే బంతి తంతోంది.

కంపెనీ పర్సనెల్ ఆఫీసరు రామలింగేశ్వరరావు షామియానాలోంచి నవ్వుకుంటూ వచ్చాడు. టోర్నమెంటు నడిపేది ఆయనే. చెడ్డమనిషని ఎవరూ అనరు. పలకరిస్తాడు, భుజం తడతాడు. పోయిన ఆదివారం సెమీఫైనలు గెలిచాక అందరి చేతులూ కలిపి, "మీ జెర్సీలు భలే తెల్లగా మెరుస్తున్నాయయ్యా, ఏ సబ్బు వాడతారు?" అని మెచ్చుకున్నది కూడా ఆయనే. ఆ మాటకు మొగులయ్య వారమంతా పొంగిపోయాడు.

"ఏంటి సాదుల్లా, మా రంగు వేసుకొచ్చేశారు? మా టీములో చేరిపోతారా ఏంటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "కంగారు పడకండి. మా దగ్గర ప్రాక్టీసు సెట్టు ఉంది, తెల్లది. మీకు ఇప్పిస్తాను. వేసుకుని హాయిగా ఆడుకోండి."

ప్యూను తెచ్చి చూపించాడు. తెల్లగా, కొత్తగా ఉన్నాయి, వీపున నంబర్లు కూడా ఉన్నాయి. రొమ్ము మీద అడ్డంగా కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. సాదుల్లా వాటిని ముట్టుకోకుండా తాడు వైపు తిరిగి చూశాడు.

మొగులయ్య ఆ తెల్ల జెర్సీల వైపే చూశాడు. ఇదంతా తన చేతులారా చేసింది. తను ఆ కప్పను నమ్మకపోయి ఉంటే, ఇప్పుడు ఈ పిల్లల రొమ్ముల మీద ఆ పేరు పడే గతి వచ్చేది కాదు. గెలిచినా ఖాళీ రేకు మీద ఏ పేరు చెక్కుతారో దేవుడికే ఎరుక. ఆయన తాడు కింది నుంచి దూరి గ్రౌండులోకి వచ్చాడు. చెప్పులు బయటే వదిలేశాడు.

"మీరెవరు?" అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన రిఫరీ.

"జెర్సీలు ఉతికెటోన్ని."

"ఏ రంగులో ముంచారు?"

"రంగుల ముంచలే సార్. మా బాయినీళ్ళల్ల ముంచిన."

తాడు వెనక నవ్వు ఆగింది. కంపెనీ కూలీలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అందరూ చూస్తున్నారు. రామలింగేశ్వరరావు మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, దాని వెనక మనిషి మారాడు.

"బావి నీళ్ళు బాగానే ఉన్నాయని రిపోర్టు ఉంది కదా పెద్దాయనా. ఏదో మట్టి మరకై ఉంటుంది."

"అట్లనే అనుకుందం సార్. మట్టి మరకకు జెర్సీ మార్సాల్నా?"

రిఫరీ గడియారం చూసుకున్నాడు. "మరకో రంగో నాకనవసరం. రెండు టీములూ ఒకేలా ఉంటే విజిల్ వెయ్యను. ఎవరో ఒకరు మార్చుకోవాలి. మీకు ఇంకో సెట్టుందా?" అని సాదుల్లాను అడిగాడు.

"లేదు సార్."

"మీకు?" అని రామలింగేశ్వరరావు వైపు తిరిగాడు. తెల్ల జెర్సీలు ప్యూను చేతుల్లోనే ఉన్నాయి. "ఉందిగా. మీ సొంత సెట్టే. మీవాళ్ళే మార్చుకోండి, త్వరగా."

పదిమందిలో కాదనలేకపోయాడు. కంపెనీ ఆటగాళ్ళు షామియానా వెనక్కి పోయి తెల్లగా మారి వచ్చారు. కంచెగూడెం పసుపులో నిలబడింది. మొగులయ్య తాడు దాటి వచ్చేటప్పుడు పక్కనున్న కూలీ ఒకడు జరిగి చోటిచ్చాడు. మొహం చూడకుండానే, "మా వాడ బోరింగు గూడ గంతే కాకా" అన్నాడు మెల్లగా.

ఆట మొదలయ్యాక ఆయనకు అవేవీ గుర్తు లేవు. ఓదెలు మొదటి సగంలోనే కుడివైపు నుంచి దూసుకుపోయి, ఇద్దరిని దాటి, అడ్డంగా తన్నాడు. వల కదిలింది. మొగులయ్య పక్కనున్న కూలీని కౌగిలించుకున్నాడు. అతను కంపెనీవాడని తర్వాత గుర్తొచ్చింది. కౌగిలి విడిపించుకోవాలని అతనికి కూడా తోచలేదు. రెండో సగంలో తెల్లజెర్సీలు స్కోరు సమం చేశాయి. చెమటకు పసుపు ఇంకా ముదిరి, పిల్లల మెడల మీదికి దిగింది. ఆట ముగియబోతుండగా కార్నర్ నుంచి వచ్చిన బంతిని సాదుల్లా రెండు చేతులతో అందుకున్నాడు. అందుకుని జారవిడిచాడు. ఎవరి కాలో తగిలి అది గీత దాటింది.

సాదుల్లా నేల మీద బోర్లా పడుకుని లేవలేదు. మొగులయ్య కళ్ళు మూసుకున్నాడు. ఓడినందుకు చెప్పుకోవడానికి ఏమీ లేదని తనే అన్నాడు. ఆ మాట నిజమైంది. పిల్లలు బాగా ఆడారు, అవతలివాళ్ళు ఇంకొంచెం బాగా ఆడారు, అంతే.

*

షీల్డు ఇచ్చేశారు. ఫొటోలు తీశారు. కంచెగూడెం పిల్లలు గ్రౌండు మూలన బూట్లు విప్పుకుంటుంటే రామలింగేశ్వరరావు వచ్చాడు. వెనక ప్యూను చేతిలో అట్టపెట్టె.

"బాగా ఆడారయ్యా. నిజంగా చెబుతున్నాను, చాలా బాగా ఆడారు. మీకు కంపెనీ తరఫున చిన్న బహుమతి." పెట్టె తెరిచాడు. కొత్త జెర్సీలు, నీలం చారలవి, మెత్తటి గుడ్డ. కంపెనీ పేరు లేదు. "వచ్చే యేడు వీటిలో ఆడండి. బూట్లు కూడా ఇప్పించే ఏర్పాటు చేస్తాను."

పిల్లల కళ్ళు మెరిశాయి. ఎందుకు మెరవవు? ఒక కుర్రాడు చారల మీద వేలితో రాశాడు. ఓడిన మొహాల్లోకి కొంచెం ప్రాణం వచ్చింది.

"ఈ పాతవి ఇక్కడే విప్పేసి వెళ్ళండి. మావాళ్ళు పారేస్తారు" అన్నాడు రామలింగేశ్వరరావు. ప్యూను గోనెసంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. సంచి కూడా వెంట తెచ్చుకున్నారన్నమాట.

ఓదెలు జెర్సీ తల మీదుగా లాగబోతున్నాడు. రామలింగేశ్వరరావు అతనికేసి చూసి, "నువ్వు మా ప్లాంటులోనే కదూ చేసేది? అందరివీ తీసివ్వు. ఒక్కటీ మిగలకుండా చూడు" అన్నాడు నెమ్మదిగా.

మొగులయ్య నిక్కర్లు మడత పెడుతున్నాడు. ఆయన చేతులు ఆగాయి. మొన్నటి నుంచి ఆ జెర్సీలు కంటపడితే సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఎవరూ చూడకుండా కాల్చేద్దామని కూడా అనుకున్నాడు. తనకే అక్కరలేని ఆ పాతగుడ్డలు ఇంత పెద్ద కంపెనీకి ఎందుకు? పోయిన ఆదివారం అందరి ఎదుటా తెల్లగా ఉన్నాయి. ఈ ఆదివారం అదే జనం ఎదుట పసుపుగా ఉన్నాయి. సంగారెడ్డిలో సారు సీసాను వెలుగులో తిప్పడం ఆయనకు గుర్తొచ్చింది. సీసాలో నీళ్ళు తేట. ఇవి తేట కాదు. వారంలో బట్ట పాతబడిందని ఇక ఎవరనగలరు?

ఆయన లేచి, ఓదెలు జెర్సీ అంచు పట్టుకుని కిందికి లాగాడు, పసిపిల్లాడి చొక్కా సర్దినట్టు.

"కొత్తవి మీ కాన్నే ఉంచుండ్రి సార్. ఇవ్వి నేను ఇంటికి తీస్కపోయి ఉతుకుత."

"ఎంత ఉతికినా అది పోదయ్యా!" అన్నాడు రామలింగేశ్వరరావు విసుగ్గా.

"మట్టి మరక పోదా సార్?"

ప్యూను గోనెసంచి మడత పెట్టాలా వద్దా అని రామలింగేశ్వరరావు మొహం చూస్తున్నాడు. సాదుల్లా లేచి వచ్చి మొగులయ్య పక్కన నిలబడ్డాడు, తర్వాత మిగతావాళ్ళు. నీలం చారల మీద వేలు రాసిన కుర్రాడు పెట్టె మూత తనే మూసి, ప్యూను వైపు జరిపాడు.

అందరూ లారీ ఎక్కారు. ఊరు దగ్గర పడ్డాక మొగులయ్య, "రేపు సోమారం. కలెక్టరాఫీసుల దర్ఖాస్తులు తీస్కుంటరు. అందరు ఇవ్వే ఏసుకొని రావాలె. ఎవ్వలు ఉతకొద్దు" అన్నాడు.

జెర్సీ ఉతకొద్దని ఆయన నోటి నుంచి రావడం వింతే. ఎవరూ నవ్వలేదు. ఓదెలు మాత్రం తల వంచుకున్నాడు. "నాది పొద్దటి షిఫ్టు మామా. పోకుంటె కాంట్రాక్టర్ తీసేస్తడు."

"నీ ఇష్టం బిడ్డా. నిన్ను రమ్మని బలవంతం జెయ్య" అన్నాడు మొగులయ్య. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

*

సోమవారం పొద్దున బస్టాపు దగ్గర పిల్లలు వరసగా నిలబడ్డారు. జెర్సీల మీద ఎండిన మట్టి, చెమట చారలు, అన్నిటికీ అడుగున ఆ పసుపు. సాదుల్లా షాపు మూసి వచ్చాడు. నర్సింహమ్మ కూడా కొంగు దోపుకుని వచ్చింది. ఆమె చేతిలో బావి నీళ్ళ సీసా.

"మల్ల బుడ్డెందుకే? రెండుసార్లు తీస్కపోయిన గద" అన్నాడు మొగులయ్య.

"గప్పుడు బుడ్డొక్కటే తీస్కపోయినవ్. ఇప్పుడు దీని పక్కన వీళ్ళను నిలవెట్టు. ఇంత సోడ గూడ మూట గట్టుకొచ్చిన. ఆ సారు ఎదురుంగనే ఏస్త."

ఆయన ఆమెను తేరిపార చూశాడు. ఒకటి ముంచి చూడమని చెప్పింది ఈమే కదా అనుకున్నాడు.

ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు ఆగింది. కంపెనీ ఖాకీ చొక్కా వేసుకున్న మనిషొకడు పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. ఓదెలు. గేటు దాకా పోయి తిరిగి వచ్చానని చెప్పి, ఊపిరి తీసుకుంటూ ఖాకీ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. లోపల తొమ్మిదో నంబరు జెర్సీ ఉంది. మొగులయ్య జరిగి పక్కన చోటిచ్చాడు. ఓదెలు కూర్చుని, తన అరచేతులు రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకున్నాడు.

కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. ఆ రూటులో తిరిగేవాడే, మొగులయ్య సంగతి తెలిసినవాడే. టీమును పైనుంచి కిందికి చూసి, "ఏంది కాకా, నిన్ననే ఓడిండ్రంట గద? మల్ల మ్యాచేడ?" అన్నాడు.

"సంగారెడ్డిల."

"ఓహో. ఈసారి మీదేనా మరి?"

బస్సులో సగంమంది నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. పిల్లలు కూడా ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆ మాట వాళ్ళకూ కావాలి. మొగులయ్య నోరు తెరిచాడు. ఎన్నేళ్ళుగానో తడుముకోకుండా వచ్చిన మాట ఈసారి రాలేదు. ఆయన ఓదెలు అరచేతులను చూశాడు, నర్సింహమ్మ ఒడిలో కుదుపుకు కదులుతున్న తేట నీళ్ళను చూశాడు.

"తెల్వదు బిడ్డా" అన్నాడు. "కాకుంటె వచ్చే సోమారం మల్ల పోతం. గప్పుడు గూడ కాకుంటె ఆ పై సోమారం పోతం. అందరికి సంగారెడ్డి టికెట్లు కొట్టు."

కండక్టరు నవ్వలేదు. టికెట్లు చింపి ఇచ్చి, వెనక నిలబడ్డవాళ్ళను ముందుకు జరగమని కేకేశాడు. బస్సు పోతిరెడ్డిపల్లి దాటి సంగారెడ్డి వైపు తిరిగింది.